మూడు పొదుపులు

పొదుపు అనగానే సాధారణంగా ధనమే స్ఫురిస్తుంది. కాని మనిషి చేతిలో నుంచి చప్పుడు లేకుండా జారిపోయేవి ధనంతో పాటు మరి రెండున్నాయి. ఒకటి కాలం. రెండవది చేతిఫోనులోని చోటు. దానితో ముడిపడిన మనసులోని చోటు. కాలం చేజారినా, ఫోను అక్కరలేని సరుకుతో నిండిపోయినా, నెల గడవకముందే జేబు ఖాళీ అయినా మూలకారణం ఒక్కటే: లెక్క లేకపోవడం. లెక్క వేసుకొని, ముందుగా నిర్ణయించుకొని, ఆ నిర్ణయానికి కట్టుబడడం అలవడిన వారికి ఈ మూడూ అదుపులో ఉంటాయి.

ఈ అలవాటు అలవడవలసిన కాలం ఇంటర్మీడియట్ చదువుకొనే రెండు సంవత్సరాలే. పల్లె విడిచి పట్టణంలోని కళాశాలకు రావడం, వసతిగృహంలో ఒంటరిగా ఉండడం, సొంత ఫోను చేతికి రావడం, బ్యాంకులో తన పేరిట ఖాతా తెరవడం చాలామందికి ఈ వయసులోనే మొదలవుతాయి. అంతవరకు వేళకు నిద్ర లేపినవారు, ఖర్చులు చూసుకున్నవారు తల్లిదండ్రులు. ఇకమీద ఆ బాధ్యత విద్యార్థిదే.

ఈ పాఠం నేర్చుకోవడానికి దూరదేశాలకు పోనవసరం లేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం 2022లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు ఒకే చిత్తూరు జిల్లాలోని పట్టణాలు. ఇది వానలు తక్కువగా కురిసే మెట్ట ప్రాంతం. ఉన్నదానిని చూసి వాడుకోవడం ఇక్కడి రైతుకు బతుకు నేర్పిన విద్య. మదనపల్లె టమాటా మార్కెట్టు కాలం విలువను చెబుతుంది. కుప్పం పల్లెల్లో తిరిగిన ఫోటోయంత్రం ఎంపిక విలువను చెబుతుంది. పుంగనూరు ఆవు మితవ్యయాన్ని గుర్తుచేస్తుంది.

మదనపల్లె టమాటా మార్కెట్టు దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. చుట్టుపక్కల మండలాల రైతులు కోసిన కాయలను క్రేట్లలో నింపి యార్డుకు తెస్తారు. వేలంపాటలో ధర పలికిన సరుకు లారీలకెక్కి దూర నగరాలకు ప్రయాణమవుతుంది. పండిన టమాటా ఎవరికోసమూ ఆగదు. వేలం వేళకు అందని సరుకు విలువ గంటగంటకూ తరిగిపోతుంది. అందుచేత కోతకు కూలీలను పిలవడం, క్రేట్లు సిద్ధం చేసుకోవడం, బండి మాట్లాడుకోవడం వంటి పనులన్నీ రైతు ముందురోజే నిర్ణయించుకుంటాడు. తెల్లవారిన తరువాత ఆలోచించడం మొదలుపెడితే పంట చేనులోనే మిగిలిపోతుంది. విద్యార్థి కాలమూ ఇటువంటి సరుకే. నేటి గంటను దాచి రేపు వాడుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

వారానికి 168 గంటలు. నిద్రకు రోజుకు 8 గంటల చొప్పున 56 గంటలు పోతాయి. కళాశాలకు, రాకపోకలకు రోజుకు 9 గంటల చొప్పున 6 రోజులకు 54 గంటలు అవుతాయి. స్నానపానాదులకు, ఇంటిపనులకు రోజుకు 3 గంటల చొప్పున 21 గంటలు. ఈ మొత్తం 131 గంటలు. మిగిలినవి 37 గంటలు, అనగా రోజుకు 5 గంటలకు పైగా. సమయం చాలడం లేదనే విద్యార్థి మొదట ఈ 37 గంటలు ఎటు పోతున్నాయో ఒక వారంపాటు కాగితం మీద రాసి చూసుకోవాలి. రోజుకు రెండున్నర గంటలు ఫోను చూడడంలో గడిస్తే వారానికి 17 గంటలకు మించి పోయినట్లే. మిగిలిన కాలంలో అది దాదాపు సగం.

లెక్క తేలిన తరువాత చేయవలసినది విభజన. పూర్వం తెలుగువారు రోజును 60 గడియలుగా లెక్కించేవారు. ఒక గడియ 24 నిమిషాలు. మనసు చెదరకుండా ఒక పనిమీద నిలవడానికి ఈ కొలత చక్కగా సరిపోతుంది. విచిత్రమేమంటే, ఇటలీ దేశస్థుడైన ఫ్రాన్సిస్కో సిరిల్లో 1980 దశకం చివరలో, తన విద్యార్థి దశలోనే, దాదాపు ఇదే కొలతతో ఒక పద్ధతిని రూపొందించుకున్నాడు. 25 నిమిషాలు ఏకాగ్రతతో చదవడం, 5 నిమిషాలు విశ్రమించడం, ఇలా నాలుగు విడతలు పూర్తయిన తరువాత కొంత ఎక్కువసేపు విరామం తీసుకోవడం ఆ పద్ధతి. కాలాన్ని కొలవడానికి అతడు వాడిన వంటింటి గడియారం టమాటా ఆకారంలో ఉండేది. అందుచేత ఆ పద్ధతికి ఇటలీ భాషలో టమాటాకు పేరైన 'పొమొడోరో' అనే మాటే స్థిరపడింది. మదనపల్లె విద్యార్థికి ఇంతకంటె సులభంగా గుర్తుండే పేరు మరొకటి ఉండదు.

దీనికి తోడు మరి మూడు నియమాలు అవసరం. మరునాడు తప్పక చేయవలసిన పనులను రాత్రి నిద్రకు ముందే రాసుకోవాలి. అవి మూడింటికి మించకపోవడం మంచిది. పది రాసుకొని రెండు చేసినవాడికి నిరుత్సాహమే మిగులుతుంది. వాటిలో అన్నిటికంటె కష్టమైనదానిని ఉదయమే ముగించాలి. బస్సు ప్రయాణం, వరుసలో నిలబడడం వంటి చిన్న ఖాళీలలో సూత్రాలను, పదాలను నెమరువేసుకోవాలి. విశ్రాంతిని మాత్రం తగ్గించుకోరాదు. 1919లో మదనపల్లెకు వచ్చి బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో విడిది చేసిన రవీంద్రనాథ ఠాగూరు అలసట తీర్చుకొంటూ గడిపిన ఆ కొద్ది రోజులలోనే 'జనగణమన' గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు. అలసట తీరిన మనసుకే పనిచేసే శక్తి ఉంటుంది.

కాలాన్ని ఎంత చక్కగా విభజించుకున్నా, చేతిలోని ఫోను ఆ విభజనను క్షణంలో చెదరగొట్టగలదు. కనుక రెండవ పొదుపు దానికి సంబంధించినది. ఇందుకు కుప్పం చరిత్రలోని ఒక ఘట్టం ఉపకరిస్తుంది. 2002లో హ్యూలెట్-పకార్డ్ సంస్థ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి కుప్పం ప్రాంతంలో 'ఐ-కమ్యూనిటీ' పేరుతో 3 సంవత్సరాల కార్యక్రమాన్ని చేపట్టింది. గ్రామాలలో సమాచార కేంద్రాలు వెలిశాయి. స్వయం సహాయక సంఘాలకు చెందిన కొందరు మహిళలు డిజిటల్ కెమెరాను, చిన్న ముద్రణ యంత్రాన్ని, సౌరశక్తి పరికరాన్ని వెంట తీసుకొని ఊరూరా తిరిగారు. గుర్తింపు పత్రాలకు, శుభకార్యాలకు ఫోటోలు తీసి, అక్కడికక్కడే ముద్రించి ఇచ్చి ఆదాయం సంపాదించారు. ముద్రించే ప్రతి ఫోటోకూ కాగితం, రంగు ఖర్చవుతాయి. కాబట్టి ఏ ఫోటో కావాలో, ఏది అక్కరలేదో ముద్రణకు ముందే తేల్చుకోక తప్పదు.

నేటి ఫోనుకు ఆ ఖర్చు కనిపించదు. మీట నొక్కితే పది ఫోటోలు పడతాయి. ఒక్కొక్కటి 3 మెగాబైట్లనుకుంటే, వేయి ఫోటోలకు దాదాపు 3 గిగాబైట్ల చోటు నిండుతుంది. ఇక వాట్సాప్ సమూహాలలో వచ్చే శుభోదయ చిత్రాల సంగతి చెప్పనక్కరలేదు. భారతీయుల ఫోన్లు త్వరగా నిండిపోవడానికి ఆ చిత్రాలు ఒక ముఖ్య కారణమని గూగుల్ సంస్థ పరిశోధకులు గుర్తించినట్లు 2018లో వార్తలు వెలువడ్డాయి. ఇంత సరుకు నడుమ పరీక్షనాడు హాల్‌టికెట్టు వెదుక్కోవలసి వచ్చిన విద్యార్థి అవస్థ ఊహించదగినదే. చోటుకంటె ముందు నష్టమయ్యేది అతని మనశ్శాంతి.

సంక్రాంతికి ముందు తెలుగిళ్ళలో బూజు దులిపి, సున్నం వేసి, పాత సామానును భోగిమంటలో వేయడం ఆచారం. ఫోనుకు కూడా వారానికొకసారి అటువంటి శుభ్రత అవసరం. మసకబారిన ఫోటోలను, రెండేసి మూడేసి ఉన్న చిత్రాలను, మూడు నెలలుగా తెరవని ఆప్‌లను తొలగించాలి. వాట్సాప్‌లో చిత్రాలు, వీడియోలు వాటంతట అవే దిగుమతి కాకుండా అమరికను మార్చుకోవాలి. ఫోన్ కాల్స్, ఇంటివారి సందేశాలు మినహా మిగిలిన హెచ్చరిక మోతలన్నిటినీ ఆపివేయాలి. చదువుకు సంబంధించిన పత్రాలకు విడిగా ఒక ఫోల్డరు ఏర్పరచి, ప్రతి పత్రానికీ విషయం, సంవత్సరం తెలిసే పేరు పెట్టాలి. మార్కుల పత్రాలు, ధ్రువపత్రాలు భద్రపరచుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన డిజిలాకర్ ఉండనే ఉంది. ముఖ్యమైన ఏ పత్రమైనా ఒక్క ఫోనులోనే ఉంటే లేనట్లే లెక్క. ఫోను పోయిననాడు పత్రమూ పోతుంది. అందుచేత మరొకచోట ప్రతి ఉంచుకోవడం వివేకం. చదివే గడియలో ఫోనును వేరొక గదిలో ఉంచడం వీటన్నిటికంటె తేలికైన ఉపాయం.

ఫోను కాలాన్నే కాక ధనాన్నీ హరించగలదు. ఇక్కడ మూడవ పొదుపు మొదలవుతుంది. దీనికి పుంగనూరు ఆవు చక్కని ఆదర్శం. ప్రపంచంలోని అతి పొట్టి పశుజాతులలో పుంగనూరు జాతి ఒకటి. ఎత్తు 3 అడుగులకు అటూ ఇటూ మాత్రమే. ఎండుగడ్డితో, కొద్దిపాటి మేతతో కరవు రోజులను కూడా తట్టుకుంటుంది. దాని పాలలో వెన్న శాతం సాధారణ ఆవుల పాలలో కంటె ఎక్కువ. పెద్ద ఆవులకు, సంకరజాతులకు ఆదరణ పెరిగిన కాలంలో ఈ జాతి అంతరించే దశకు చేరింది. పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం దాని సంరక్షణకు పూనుకున్నది. తక్కువతో నిలబడగలగడం చిన్నతనం కాదని, అదే కష్టకాలంలో కాపాడే బలమని ఈ జీవి నిరూపిస్తున్నది.

ఈ ప్రాంతపు కుటుంబాలకు కష్టకాలం కొత్త కాదు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో కిలో టమాటా ధర నూరు రూపాయలను దాటి ఇంకా పైకి ఎగబాకింది. అదే సంవత్సరం సెప్టెంబరు నాటికి ధరలు బాగా పతనమయ్యాయి. జూలైలో వచ్చిన సొమ్మును సెప్టెంబరులోనూ అదే విధంగా వస్తుందని నమ్మి ఖర్చుచేసిన ఇంట్లో పిల్లల కళాశాల రుసుముకు అప్పు చేయవలసి వస్తుంది. వచ్చిననాడే కొంత సొమ్మును విత్తనాలకు, ఎరువులకు, చదువుకు విడిగా తీసి ఉంచిన ఇంటికి ఆ ఇబ్బంది తప్పుతుంది. ఖర్చుపెట్టగా మిగిలినదానిని దాచడం కంటె, దాచగా మిగిలినదానిని ఖర్చుపెట్టడమే పొదుపులోని కీలకం.

దాచే మొత్తం చిన్నదైనా ఫరవాలేదు. నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం తరువాత, 1990 దశకంలో, పొదుపు లక్ష్మి కార్యక్రమంలో చేరిన గ్రామీణ మహిళలు రోజుకు ఒక్క రూపాయి చొప్పున దాచారు. ఆ విధంగా పెరిగిన సంఘాలే ఆ తరువాత బ్యాంకుల నుంచి రుణాలు పొందగలిగాయి. విద్యార్థి రోజుకు 10 రూపాయలు మిగిల్చినా సంవత్సరానికి 3,650 రూపాయలు అవుతాయి. ఒక చిన్న పుస్తకంలో నాటి ఖర్చును నాడే రాసుకోవడం ఇందుకు తొలిమెట్టు. 2016లో యూపీఐ వచ్చిన తరువాత నోటు చేయి మారడం కనిపించకుండానే సొమ్ము పోతున్నది. కనుక రాత అవసరం మునుపటికంటె పెరిగింది. ఏదైనా వస్తువు కొనాలనిపిస్తే రెండురోజులు ఆగి చూడాలి. అప్పటికీ అవసరమనిపిస్తే కొనవచ్చు.

అప్పు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పల్లెలో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 2 శాతం, సంవత్సరానికి 24 శాతం. ఒక అక్రమ రుణ ఆప్ 5,000 రూపాయల అప్పు అని చెప్పి, రుసుముల పేరిట 1,500 మినహాయించి, 3,500 మాత్రమే ఇచ్చి, వారంలో 5,000 కట్టమన్నదనుకుందాం. అప్పుడు నూటికి దాదాపు 43 రూపాయల వడ్డీ, అదీ ఒక్క వారానికే! 2020 చివరలో ఇటువంటి ఆప్‌ల వేధింపులకు తాళలేక తెలుగు రాష్ట్రాలలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఫోనులోని పరిచయస్థుల జాబితాను, ఫోటోలను చేజిక్కించుకొని పరువు తీస్తామని బెదిరించడం వీరి పద్ధతి. రుణ ఆప్‌లు అటువంటి వివరాలను తీసుకోరాదని 2022లో రిజర్వు బ్యాంకు నిబంధన విధించింది. ఎవరైనా మోసపోతే సిగ్గుపడి దాచుకోకుండా ఇంట్లోవారికి చెప్పి, వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయాలి. డబ్బు పోయినా తిరిగి సంపాదించుకోవచ్చు. ప్రాణానికి ఆ అవకాశం లేదు.

ఈ మూడు పొదుపులూ ఒకదానికొకటి తోడు. ఫోను శుభ్రపడితే కాలం మిగులుతుంది. కాలం మిగిలితే ఖర్చును పరిశీలించే ఓపిక కలుగుతుంది. ఖర్చు అదుపులో ఉంటే మనసు చదువుపై నిలుస్తుంది. ఇందుకు వారానికి ఒక్క గంట చాలు. ఆదివారం ఉదయం 20 నిమిషాలు రాబోయే వారపు పనులు రాసుకోవడానికి, 20 నిమిషాలు ఫోను శుభ్రం చేయడానికి, 20 నిమిషాలు జమాఖర్చులు చూసుకోవడానికి కేటాయించాలి. 168 గంటలలో ఒక గంటను ఈ విధంగా వెచ్చించిన విద్యార్థి మిగిలిన 167 గంటలకు యజమాని అవుతాడు. తన చదువుకోసం చేనులో ఎండకు ఎండుతున్న తల్లిదండ్రుల కష్టానికి అతడు చూపగలిగిన మొదటి గౌరవం కూడా అదే.