పొలోనియం: పరమాణు విషప్రయోగము

2006 నవంబరు 3వ తేదీన లండను నగరములోని ఒక ఆసుపత్రిలో అలెగ్జాండర్ లిట్వినెంకో అను రోగి చేరెను. ఇతడు పూర్వము రష్యా భద్రతాశాఖలో అధికారి. ఆ ప్రభుత్వముతో విరోధించి 2000లో ఇంగ్లండు చేరినవాడు. రెండు రోజులుగా వాంతులు, కడుపునొప్పి. మొదట ఇది ఆహారదోషమని తోచినది. కాని కొలది దినములలో అతని జుట్టంతయు రాలిపోయెను. రక్తములో తెల్లకణములు క్షీణించెను. థాలియం అను లోహవిషము పెట్టిరేమో యని వైద్యులు సందేహించిరి. గీగరు గణక యంత్రముతో పరీక్షింపగా అది ఏమియు పలుకలేదు. కనుక రేడియోధార్మికత లేదనుకొనిరి.

యంత్రము అబద్ధమాడలేదు. అది వినగల మాట రోగి శరీరమునుండి బయటకు రాలేదు, అంతే. ఈ సంగతి తెలియుటకు ఆల్ఫా కణముల స్వభావమును తెలిసికొనవలెను.

రెండు ప్రోటానులు, రెండు న్యూట్రానులు కలిసిన ముద్దయే ఆల్ఫా కణము. బరువైనది, విద్యుదావేశము గలది. అందుచే దారిలో తగిలిన ప్రతి పరమాణువునుండియు ఎలక్ట్రానులను ఊడగొట్టుచు త్వరలోనే అలసిపోవును. పొలోనియం-210 నుండి వెలువడు ఆల్ఫా కణము గాలిలో 4 సెంటీమీటర్లు కూడ సాగదు. ఒక కాగితపు ముక్క దానిని ఆపివేయును. మన చర్మముపై నుండు మృతకణముల పొరయు ఆపును. సీసాలో నుంచి జేబులో వేసికొనినను మోసినవానికి హాని దాదాపు లేదు. ఇంటి వెలుపల నిలిచిన దొంగవలె ఇది తలుపు దాటలేదు. కాని ఆహారముతోనో, పానీయముతోనో, ఊపిరితోనో లోనికి పోయినచో కథ వేరు. అప్పుడు అడ్డుపడు మృతచర్మము లేదు. 53 లక్షల ఎలక్ట్రాను వోల్టుల శక్తి అంతయు మిల్లీమీటరులో ఇరువదవ వంతు దూరములోనే జీవకణములపై ఖర్చగును. రక్తమును పుట్టించు ఎముకల మూలుగ, ప్రేగుల లోపలి పొర ముందుగా చెడును.

ఎంత పదార్థము కావలెను? ఒక మైక్రోగ్రాము పొలోనియంలో సెకండుకు 16 కోట్లకు పైగా పరమాణువులు విచ్ఛిత్తి చెందును. లిట్వినెంకో మ్రింగినది సుమారు 26 మైక్రోగ్రాములని తరువాత లెక్క కట్టిరి. ఒక ఉప్పురవ్వ బరువు ఇంతకంటె ఎక్కువ!

మరి రహస్యము బయటపడిన దెట్లు? రోగి మూత్రమును ఆల్డర్‌మాస్టన్‌లోని అణ్వాయుధ పరిశోధనాలయమునకు పంపిరి. పొలోనియం ఇంచుమించు శుద్ధ ఆల్ఫా మూలకము. కాని సుమారు లక్ష విచ్ఛిత్తులకు ఒకసారి ఆల్ఫాతోబాటు ఒక గామా కిరణము కూడ వెలువడును. దాని శక్తి 8,03,000 ఎలక్ట్రాను వోల్టులు. వర్ణపటములో ఆ శక్తివద్ద ఒక చిన్న శిఖరము కనబడినది. బ్రిటను తొలినాటి అణ్వస్త్ర కార్యక్రమములో పనిచేసిన శాస్త్రజ్ఞుడొకడు దానిని గురుతు పట్టెనని చెప్పుదురు. ఆల్ఫా పరీక్షతో సంగతి ధ్రువపడినది. నవంబరు 23న, ఆ ఫలితము తెలిసిన కొలది గంటలకే, రోగి మరణించెను.

అక్కడినుండి పోలీసులు ఆల్ఫా శోధకములు చేతబట్టి నగరమంతయు గాలించిరి. నవంబరు 1న మిలీనియం హోటలు పానశాలలో ఆండ్రీ లుగోవోయ్, దిమిత్రీ కోవ్‌తున్ అను ఇద్దరు రష్యనులతో కూర్చుండి అతడు త్రాగిన ఆకుపచ్చ తేనీటి పాత్రలో పొలోనియం విపరీతముగా దొరకినది. వారు దిగిన గదులలో, కూర్చున్న కుర్చీలలో, ప్రయాణించిన విమానములలో కూడ జాడ కనబడెను. ఇరువురును నేరమును అంగీకరింపలేదు. ఏ పాపము నెరుగని 700 మందికి పైగా జనులు మూత్రపరీక్షలు చేయించుకొనవలసి వచ్చినది. ఒక్కని చంపుటకు తెచ్చిన విషము ఇంతమందిని భయపెట్టినది. ఈ కారణముననే దీనిని సామాన్య హత్యగా గాక పరమాణు భీభత్సముగా పలువురు ఎంచిరి.

ఇక, దీని వెనుక రాజ్యహస్త మున్నదను అనుమాన మెందుకు? పొలోనియంను 1898లో క్యూరీ దంపతులు యురేనియం ఖనిజములో కనుగొని, మేరీ క్యూరీ జన్మభూమియైన పోలండు పేరు పెట్టిరి. కాని ఖనిజములో అది అత్యల్పము. నేడు దానిని పొందు మార్గము పరమాణు రియాక్టరులో బిస్మత్ లోహమును న్యూట్రానుల తాకిడికి గురిచేయుటయే. రియాక్టరు ఇంటి పెరటిలో కట్టుకొను వస్తువు కాదు. పైగా పొలోనియం అర్ధజీవిత కాలము 138 దినములు మాత్రమే; ఏండ్ల తరబడి దాచిపెట్టి వాడుటకు వీలులేదు. అయినను ఒక హెచ్చరిక యవసరము: రియాక్టరు అనగానే ఫలానా దేశమని తేలదు. సర్ రాబర్ట్ ఓవెన్ జరిపిన బహిరంగ విచారణ నివేదిక 2016 జనవరి 21న వెలువడినది. ఆ పదార్థము రష్యా కర్మాగారమునుండి వచ్చియుండవచ్చును గాని అక్కడినుండియే రావలెనని చెప్పజాలమని అది ఒప్పుకొన్నది. ఇతర సాక్ష్యములను కూడ కలిపి చూచి, హత్య రష్యా భద్రతాశాఖ నడిపినదనియు, దానికి అధ్యక్షుడు పుతిన్ ఆమోదము బహుశా కలదనియు నిర్ణయించినది. 2021లో యూరపు మానవహక్కుల న్యాయస్థానము కూడ రష్యాను బాధ్యురాలిగా ప్రకటించినది. రష్యా ఈ రెంటిని త్రోసిపుచ్చినది.

ఉన్నత పాఠశాల విద్యార్థులు ఒక లెక్క వేసి చూడవచ్చును. 2006 నవంబరు 1 నుండి నివేదిక వెలువడిన నాటికి గడచినవి 3,368 దినములు. అనగా 24 అర్ధజీవితములకు కొంచెము ఎక్కువ. తేనీటి పాత్రకు అంటిన పొలోనియంలో ఆనాటికి మిగిలినది రమారమి 2 కోట్లలో 1 వంతు. తక్కినదంతయు ఎట్టి కిరణములు వెలువరింపని సాధారణ సీసముగా మారిపోయినది.