రామాపురమా.. ఓడరేవా.. సూర్యలంకా? ఏ తీరానికి, ఏ వేళలో?

వేటపాలెం: ఆదివారం వచ్చిందంటే చాలు, చీరాల, వేటపాలెం రైల్వేస్టేషన్ల ముందు ఆటోలు కిక్కిరిసిపోతాయి. గుంటూరు, విజయవాడ, నరసరావుపేటల నుంచే కాక హైదరాబాదు నుంచి సైతం కుటుంబాలు, విద్యార్థులు, ఉద్యోగులు సముద్రస్నానానికి తరలివస్తున్నారు. ఆటో ఎక్కిన తరువాత వారు అడిగే ప్రశ్న సాధారణంగా ఒక్కటే: ‘ఏ బీచ్ బాగుంటుంది?’ బాగుండటమంటే ఏమిటన్న ప్రశ్న ఎవరికీ తోచదు. ఇసుక తెల్లగా ఉందా, గదులు దొరుకుతాయా, ఫొటోలు బాగా వస్తాయా అన్నంతవరకే విచారణ సాగుతుంది. నీటి అడుగున నేల ఎలా ఉంది, ఆ పూట గాలి ఎటు వీస్తోంది, ఒడ్డున కాపలా ఎవరున్నారు అన్నవి లెక్కలోకి రావు. 2024 జూన్‌లో ఏలూరు ప్రాంతం నుంచి రామాపురం తీరానికి వచ్చిన నలుగురు యువకులు అలలకు బలయ్యారు. అనంతరం కొన్నాళ్లపాటు రామాపురం, సూర్యలంక తీరాలకు సందర్శకులను పోలీసులు అనుమతించలేదు. అటువంటి వార్తలు ఈ పేజీల్లో తరచుగా రాయవలసి రావడమే ఈ కథనానికి కారణం.

ద్వీపం వేరు.. మన తీరం వేరు

ఇటీవలి సంవత్సరాలలో అండమాన్ యాత్రకు వెళ్లివచ్చే తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. అక్కడి స్వరాజ్ ద్వీప్‌ను 2018 వరకు హేవ్‌లాక్ అని పిలిచేవారు. ఆ ద్వీపంలో రాధానగర్ తీరం పడమటి దిక్కున, కాలాపత్థర్ తీరం తూర్పు దిక్కున ఉన్నాయి. నైరుతి రుతుపవనాల వేళ పడమటి ఒడ్డు ఎగసిపడుతుంటే తూర్పు ఒడ్డు కొంత నెమ్మదిగా ఉంటుంది. ఈశాన్య గాలులు మొదలైతే పరిస్థితి తారుమారవుతుంది. పైగా ఒడ్డుకు కొంత దూరంలో ఉండే పగడపు దిబ్బలు చాలాచోట్ల పెద్ద అలలను ముందే విరగ్గొడతాయి. అంటే ద్వీపానికి వెళ్లినవాడు గాలికి చాటుగా ఉన్న ఒడ్డును ఎంచుకోగలడు. విశాఖలో సైతం కొండల అంచులు అక్కడక్కడా సముద్రంలోకి చొచ్చుకువచ్చి కొంత చాటు కల్పిస్తాయి.

సూర్యలంక నుంచి ఓడరేవు, రామాపురం, మోటుపల్లి మీదుగా కొత్తపట్నం వరకు సాగే ఈ తీరానికి అటువంటి రక్షణ ఏదీ లేదు. కొండ లేదు, పగడపు దిబ్బ లేదు, ఎదురుగా ద్వీపం లేదు. గీత గీసినట్లు సాగే ఇసుక ఒడ్డు, దాని ముందు బంగాళాఖాతం! అందరూ దీనిని తూర్పు తీరమని అంటారు గానీ, పటం తీసి చూస్తే బాపట్ల, చీరాల, వేటపాలెం ప్రాంతాల్లో ఒడ్డు ఈశాన్యం నుంచి నైరుతికి వాలుగా సాగుతుంది. ఇక్కడి సముద్రం మనకు ఆగ్నేయంగా ఉంటుంది. అందువల్లనే డిసెంబరు, జనవరి మాసాల్లో సూర్యుడు నీటిలోనుంచి లేచినట్లు కనిపిస్తాడు. జూన్‌లో మాత్రం ఒడ్డు వెంబడి సరుగుడు తోటల వైపు నుంచి పైకి వస్తాడు. సూర్యోదయం కోసమే వచ్చేవారు శీతాకాలాన్ని ఎంచుకోవడం మేలు. దక్షిణ దిక్కు నుంచి వచ్చే వేసవి అలలకు కూడా ఈ ఒడ్డు ముఖాముఖిగానే ఉంటుంది.

కాబట్టి ఇక్కడ చాటు ఒడ్డును వెతుక్కునే అవకాశం లేదు. ఎంచుకోవలసింది నెలను, రోజును, గంటను, ఒడ్డున నిలబడే చోటును.

ప్రశాంతంగా కనిపించే చోటే ప్రమాదం

ప్రాణాలు పోగొట్టుకున్నవారు సుడిగుండంలో చిక్కుకున్నారని, కిందకు లాగేసిందని ప్రత్యక్ష సాక్షులు చెబుతుంటారు. వాస్తవానికి చాలా సందర్భాల్లో జరిగేది అది కాదు. అలలు ఒడ్డుకు తోసుకువచ్చిన నీరు తిరిగి సముద్రంలోకి పోవాలి. ఒడ్డుకు కొంత దూరంలో నీటి అడుగున ఇసుక మేటలు ఉంటాయి. రెండు మేటల మధ్య గండి వంటి పల్లం ఉంటే, చేరిన నీరంతా ఆ దారిన వాగులా వెనక్కు పరుగెడుతుంది. దీనినే శాస్త్రజ్ఞులు రిప్ కరెంట్ అంటారు. దాని వెడల్పు కొన్ని మీటర్ల నుంచి కొన్ని పదుల మీటర్ల వరకు ఉంటుంది. వేగం సాధారణంగా సెకనుకు అర మీటరు నుంచి మీటరు వరకు, ఒక్కొక్కప్పుడు రెండు మీటర్ల దాకా పెరుగుతుంది. ఒలింపిక్స్ ఈతగాడికి సైతం ఆ వేగానికి ఎదురీదడం సాధ్యపడదు. ఆ నీరు మనిషిని కిందకు లాగదు, లోపలికి తీసుకుపోతుంది. భయంతో ఒడ్డుకేసి ఎదురీది అలసిపోయినవాడే మునిగిపోతాడు.

ఇందులో అసలు చిక్కు మరొకటి ఉంది. మేట మీద నీరు లోతు తక్కువ కావడంతో అక్కడ అల విరిగి తెల్లగా నురుగు కడుతుంది. గండి లోతుగా ఉండటంతో అక్కడ అల విరగదు. ఆ చోటు చూడటానికి నునుపుగా, కొంచెం నల్లగా, ఎంతో ప్రశాంతంగా కనిపిస్తుంది. పిల్లలతో వచ్చిన తండ్రి పెద్ద అలలను తప్పించుకోవాలన్న ఉద్దేశంతో సరిగ్గా అక్కడికే వారిని తీసుకుపోతాడు. అజ్ఞానం అనడానికి వీల్లేదు, అది సహజమైన పొరపాటు. తెల్లటి నురుగు వరుసలో మధ్యన నురుగు లేని ఖాళీ కనిపించినా, నురుగో, చెత్తో, బురదనీరో ఒడ్డు నుంచి లోపలికి కదులుతున్నట్లు కనిపించినా ఆ చోటును విడిచిపెట్టాలి. నీటిలో దిగేముందు ఒడ్డున పది నిమిషాలు కూర్చుని గమనిస్తే ఈ తేడా ఎవరికైనా తెలుస్తుంది. చిన్న అలలు వరుసగా వచ్చి, ఆపై రెండు మూడు పెద్ద అలలు ఒక్కసారిగా విరుచుకుపడటం కూడా ఆ పది నిమిషాల్లోనే బోధపడుతుంది.

ఈ గండ్లు ఒకేచోట ఉండవు. తుపాను వచ్చివెళితే ఇసుక మేటల అమరికే మారిపోతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. గత ఏడాది ఇక్కడే స్నానం చేశాం, ఏమీ కాలేదు అన్న ధీమాకు అర్థం లేదు.

ఏ తీరం దేనికి..

వేటపాలెం మండలంలోని రామాపురం ప్రైవేటు రిసార్టులతో పేరు తెచ్చుకుంది. రాత్రి బస, భోజనం, మరుగుదొడ్లు కావాలనుకునే కుటుంబాలకు, ఖర్చు భరించగలిగితే, ఇది అనుకూలం. అయితే రిసార్టు ముందున్న సముద్రం రిసార్టువారిది కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఈతకొలనులో మాదిరిగా ఇక్కడ నేల సమంగా ఉండదు. నాలుగు అడుగులు వేసేసరికి మోకాలి లోతు నడుము లోతవుతుంది. మండలంలోనే పుల్లరిపాలెం వైపు స్ట్రెయిట్ కట్ కాలువ సముద్రంలో కలిసే మొగ ఉంది. మురుగు కాలువల మొగలు ఎక్కడున్నా వాటి దరిదాపుల్లో స్నానం తగదు. కాలువ నీటి ఉరవడి, ఆటుపోట్లు కలిసి అక్కడ అడుగును ఎప్పటికప్పుడు తవ్వివేస్తుంటాయి.

చీరాలకు సుమారు ఏడు కిలోమీటర్ల దూరంలోని ఓడరేవును తెల్లవారుజామున చూడాలి. వేటకు వెళ్లిన పడవలు ఒడ్డు చేరే వేళ, చేపల పాట సాగే వేళ ఆ రేవుకు ఉండే కళ మధ్యాహ్నం ఉండదు. దీపస్తంభం ఉన్న ఊరు ఇది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది గనుక ఆ రెండు నెలల్లో ఈ సందడిని ఆశించరాదు. పడవలు లాగే చోట, అలివి వల తాళ్లు నీటిలో ఉన్న చోట స్నానానికి దిగడం తమకూ ప్రమాదం, మత్స్యకారుల పనికీ ఆటంకం. ఓడరేవు చూడవలసిన తీరమే గానీ మునగవలసిన తీరం కాదని మా అభిప్రాయం.

బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరాన ఉన్న సూర్యలంకలో పర్యాటక శాఖ అతిథి గృహాలు ఉన్నాయి. వైమానిక దళ కేంద్రం సమీపంలో ఉండటంతో తీరంలో కొంత భాగంలోకి ప్రవేశం లేదు. మిగిలిన భాగంలో జనం ఎక్కువ, పోలీసుల నిఘా కూడా ఎక్కువే. జనసందోహం చికాకు కలిగించినా, మొదటిసారి సముద్రంలో కాలుపెట్టేవారికి కనిపెట్టుకుని ఉండే నాలుగు కళ్లు అవసరం. స్నానం కోసమే వచ్చేవారికి ఈ మూడింటిలో సూర్యలంకనే సూచించవలసి ఉంటుంది. అదీ గస్తీ ఉన్న వేళల్లో, వారు చూపిన హద్దుల్లో మాత్రమే.

ఏకాంతం కోరేవారు చినగంజాం మండలంలోని మోటుపల్లికి వెళ్లాలి. కాకతీయుల కాలంలో ఇది పేరెన్నికగన్న రేవు. తుపానుకు చెడిన ఓడలు ఒడ్డుకు కొట్టుకువస్తే అందులోని సరుకునంతటినీ పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారు. గణపతిదేవుడు 1244లో ఆ పద్ధతిని రద్దుచేసి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామని సముద్ర వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. వీరభద్రస్వామి ఆలయం వద్ద ఆ శాసన స్తంభాన్ని చూడవచ్చు. 13వ శతాబ్ది చివర మార్కోపోలో ప్రస్తావించిన ముత్ఫిలి ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. ఈ తీరంలో ఓడలు చెడటం ఎంత మామూలో ఆ శాసనమే చెబుతోంది! ఇక్కడ ఆలయం, ఇసుక తిన్నెలు, దారిలోని ఉప్పు కొఠార్లు చూసి రావడమే తప్ప, పిలిస్తే పలికే మనిషి లేనిచోట నీటిలోకి దిగడం సాహసమే అవుతుంది.

ఒంగోలు వైపు నుంచి వచ్చేవారికి కొత్తపట్నం, సింగరాయకొండ వైపువారికి పాకల దగ్గర. పైన చెప్పిన జాగ్రత్తలు వాటికీ వర్తిస్తాయి.

ఏ నెలలో.. ఏ వేళలో..

జనవరి నుంచి మార్చి వరకు సముద్రం సాధారణంగా శాంతంగా ఉంటుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేందుకు ఒడ్డుకు వచ్చేదీ ఆ రోజుల్లోనే. రాత్రిపూట ఇసుక మీద వాహనాలు నడపడం, లైట్లు వేయడం మానుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తరువాత పైరగాలి పుంజుకుని అలలు పెరుగుతాయి. సాయంత్రపు చల్లగాలి కోసం జనం వచ్చేదీ అప్పుడే కావడం గమనార్హం. స్నానానికి ఉదయమే మంచిది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల కాలం. స్థానికంగా గాలి లేకున్నా, ఎక్కడో దూరాన సముద్రంలో పుట్టిన అలలు వచ్చి ఈ ఒడ్డును తాకవచ్చు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఎత్తైన అలల హెచ్చరికలను జిల్లాల వారీగా జారీచేస్తుంది. బయలుదేరే ముందు వాటిని చూసుకోవడం రైలు వేళలు చూసుకోవడం వంటిదే.

కార్తీక పౌర్ణమి సంగతి వేరుగా చెప్పాలి. పౌర్ణమి, అమావాస్యలకు ఆటుపోట్ల తేడా అధికం. పోటు మామూలు కంటే ఎత్తుకు వస్తుంది, ఆటు మొదలైతే గండ్లలో లాగుడు పెరుగుతుంది. ఆ రోజు వేలాదిగా వచ్చే భక్తుల కోసం అధికారులు గజ ఈతగాళ్లను నియమిస్తారు, తాళ్లు కట్టిస్తారు. పుణ్యస్నానానికి మూడు మునకలు చాలు. అవి మోకాలి లోతులో కూర్చుని వేసినా పుణ్యం తగ్గదని పెద్దలు చెప్పే మాటను యువకులు చెవిన పెట్టడం లేదు.

చిక్కుకుంటే..

లాగుడులో చిక్కినవారు ఒడ్డుకు ఎదురీదకూడదు. వెల్లకిలా తేలి, చేయెత్తి కేకవేయాలి. ఒంట్లో శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా కొంత దూరం ఈది, అలలు తెల్లగా విరిగే చోటికి చేరితే ఆ అలలే ఒడ్డుకు తోస్తాయి. ఒడ్డున ఉన్నవారు ఒకరి వెనుక ఒకరు దూకడం వల్లనే ఒక మరణం మూడు, నాలుగు అవుతోంది. మూతపెట్టిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, తాడు, ట్యూబు, ఏది దొరికితే అది విసరాలి. మత్స్యకారులను పిలవాలి, 112కు ఫోన్ చేయాలి. బయటకు తీసిన మనిషికి ఊపిరి ఆడకుంటే పొట్ట నొక్కి నీరు కక్కించే ప్రయత్నంలో విలువైన నిమిషాలు పోగొట్టరాదు. వెంటనే నోటితో శ్వాస అందిస్తూ, ఛాతీ నొక్కుతూ 108 వచ్చేవరకు కొనసాగించాలి. జీన్స్ ప్యాంటు తడిస్తే బరువెక్కి కాళ్లకు సంకెళ్లవుతుంది. మద్యం తాగినవారిని నీటి దగ్గరకు రానివ్వకపోవడం వెంట వచ్చిన స్నేహితుల బాధ్యత.

ఎండ ముదిరే పది గంటలకు ఇసుక మీద చేయవలసిన పని ఏమీ ఉండదు. రామాపురం నుంచి తిరుగు ప్రయాణంలో వేటపాలెంలోని సారస్వత నికేతనాన్ని చూడవచ్చు. 1918లో ప్రారంభమైన ఈ గ్రంథాలయ భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. వేటపాలెం జీడిపప్పు సంగతి వేరే చెప్పనక్కరలేదు, స్టేషనుకు వెళ్లే దారిలోనే దొరుకుతుంది.