ప్రాకనేర్చిన బిడ్డ - రాత్రినిద్ర



శిశువు బోర్లపడిన బొబ్బట్లును, అడుగులు వేసిన అరిసెలును పంచుట మన యిండ్లలో పరిపాటి. ఆ వేడుక ముగిసిన కొలది దినములకే, నిన్నటివరకు సుఖముగ నిద్రించిన బిడ్డ నడురేయి లేచి యేడ్చుచున్నదని తల్లి మొఱపెట్టును. ఒకరు దిష్టి యందురు. ఒకరు బాలగ్రహ మందురు. వేఱొకరు తల్లిపాలు చాలవందురు. వీనికంటె దగ్గరి కారణ మొకటి కలదు. దానిని విచారింతము.

శిశువులు సామాన్యముగ ఆఱవ నెల మొదలు పదియవ నెలలోపల ప్రాకుట నేర్తురు. ఏడాది కటునిటుగ నడతురు. నిద్ర రాత్రియంతయు నొకే తీరున సాగునది కాదు. పసిబిడ్డకు సుమారు గంట కొకమాఱు నిద్ర పలుచబడును. పూర్వమైన బిడ్డ కొంచెము కదలి మరల నిద్రించెడిది. ఇప్పుడు మెలకువ రాగానే మోకాళ్లపై లేచును, తొట్టి యంచు పట్టుకొని నిలుచును. నిలుచుట వచ్చినది గాని తిరిగి కూర్చుండుట రాలేదు, అందుచే నేడ్చును. క్రొత్తగా నక్షరములు నేర్చిన బాలుడు కనబడిన గోడలన్నిటిపైనను వ్రాయును గదా! ఇదియు నట్టిదే. తల్లి కనబడకున్న బెదరుటయు నీ వయస్సుననే హెచ్చును.

ఇజ్రాయేలు దేశమందలి హైఫా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రకటించిన యధ్యయనమున, ప్రాకుట యారంభించిన దినములలో శిశువులు రాత్రి యెక్కువ మాఱులు మేల్కొనిరనియు, సుమారు మూడు నెలలలో తిరిగి కుదుటపడిరనియు తేలినది. కావున నిది వ్యాధి కాదు. తల్లి లోపమును గాదు.

ఇక చేయవలసిన దేమి? పగటివేళ బిడ్డను చంకనుండి దింపి, శుభ్రమైన నేలపై తనివిదీర ప్రాకనిండు. నిలిచిన బిడ్డ మోకాళ్లను మెల్లగ వంచి కూర్చుండుట నేర్పుడు. పగలు చక్కగ నభ్యసించిన విద్యను రాత్రి సాధన చేయవలసిన పని తగ్గును. నాలుగు నెలలు నిండినది మొదలు ఏడాది నిండువరకు బిడ్డకు పగటి కునుకులతో గూడ దినమునకు 12 మొదలు 16 గంటల నిద్ర కావలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. కావున ప్రతిదిన మొకే వేళకు పాలిచ్చి, దీపము తగ్గించి, ఒకే జోల పాడి పరుండబెట్టుడు. నడురేయి లేచినచో వెంటనే యెత్తక కొంచెము వేచి చూడుడు. ఏడ్పు హెచ్చిన దగ్గఱకు పోయి, పరుండబెట్టి, మెల్లగ జోకొట్టుడు. ఆకలియైనచో పాలిచ్చుట యుక్తమే. ఆటలు వలదు, సెల్‌ఫోను వెలుగు చూపవలదు.

జాగ్రత్త యొకటి ముఖ్యము. కదలనేర్చిన బిడ్డకు చీరతో గట్టిన యుయ్యాల రాత్రివేళ క్షేమము కాదు. జాఱిపడవచ్చును, బట్ట మెడకు చుట్టుకొనవచ్చును. తలగడలు లేని గట్టి పక్కపై వెల్లకిల పరుండబెట్టుడు. తానై యిటునటు దొరలగల బిడ్డ తానే బోర్లపడిన, మరల మరల త్రిప్పనక్కఱలేదు. నీటిబానలు, దీపములు దూరముగ నుంచుడు.

పూర్వము కొన్నిచోట్ల నేడ్పు మాన్పుటకు నల్లమందు పెట్టెడివారు. అది ఊపిరి నాపి ప్రాణము దీయును. వైద్యుడు చెప్పని దగ్గుమందును నిద్రకై పోయరాదు. జ్వరము, చెవినొప్పి, వాంతులు, పాలు త్రాగకుండుట, ఊపిరి యాడుటలో కష్టము కనబడిన వైద్యుని యొద్దకు గొనిపొండు.

పెద్దలకు తుది విన్నపము: రాత్రి మేల్కొన్న కోడలిని నిందింపకుడు. తెల్లవాఱుజామున బిడ్డను మీరెత్తుకొని, ఆమెను రెండు గంటలు నిద్రింపనిండు. ఏ దిష్టి తీయుటకంటెను నా సాయము మిన్న.