పరుగుకు ముందు కాఫీ ఇవ్వవచ్చా?

కానిస్టేబుల్ సెలక్షన్ల రోజుల్లో చాలా ఇళ్ళలో తెల్లవారుజామున నాలుగింటికే పొయ్యి వెలుగుతుంది. 1600 మీటర్ల పరుగుకు వెళ్ళే కొడుకు చేతికి తల్లి కాఫీ గ్లాసు అందిస్తుంది. "సిస్టర్, కాఫీ తాగితే బాగా పరుగెత్తగలరట, నిజమేనా?" అని వార్డులో తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు.

కొంతవరకు నిజమే. మన మెదడులో అడినోసిన్ అనే పదార్థం అలసట భావాన్ని కలిగిస్తుంది. కాఫీలోని కెఫీన్ దాని పనికి అడ్డుపడుతుంది. అందువల్ల పరుగులో కష్టం కాస్త తక్కువగా తోస్తుంది. అంతేగాని కెఫీన్ బలాన్నివ్వదు. బలం తిన్న ఆహారం నుండే రావాలి. ఖాళీ కడుపుతో, రాత్రంతా నిద్ర లేకుండా వచ్చిన బిడ్డకు కాఫీ ఆ లోటు తీర్చలేదు.

కెఫీన్ తాగిన అరగంట నుండి గంటలోపు రక్తంలో బాగా చేరుతుంది. పరిశోధనల్లో ఎక్కువగా కిలో బరువుకు 3 నుండి 6 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. అంటే 60 కిలోల యువకునికి కనీసం 180 మిల్లీగ్రాములు. మన ఇంటి పాల కాఫీ ఒక కప్పులో అంత ఉండదు. పొడిలో చికోరీ కలిసి ఉంటే ఇంకా తగ్గుతుంది, చికోరీలో కెఫీన్ లేదు కదా! ఈ లెక్క విని మూడు నాలుగు కప్పులు పట్టించకండి. ఆరోగ్యవంతులైన పెద్దలకు ఒక్కసారికి 200, రోజు మొత్తానికి 400 మిల్లీగ్రాములు దాటకూడదని 2015లో యూరప్ ఆహార భద్రతా సంస్థ చెప్పింది. గ్రౌండులో వంతు కోసం కూర్చుని కాఫీ మీద కాఫీ, ఆపైన ఎనర్జీ డ్రింకు తాగితే గుండె దడ, చేతుల వణుకు, కడుపులో తిప్పడం మొదలవుతాయి.

అలవాటు లేని బిడ్డకు పరీక్ష రోజే మొదటిసారి ఇవ్వకండి. ప్రాక్టీసు రోజుల్లో ఇచ్చి చూడండి. ముందురోజు సాయంత్రం మాత్రం వద్దు. తాగిన కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది, నిద్ర చెడుతుంది. ఆడపిల్లలు రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడుతుంటే వాటిని కాఫీ, టీలతో మింగనివ్వకండి. మాత్ర ఒంటికి పట్టదు.

ఇంకొక మాట. పరుగెత్తుతుండగా ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా "నీరసంలే" అని కాఫీ ఇచ్చి మళ్ళీ పంపకండి. మీ రక్తసంబంధీకుల్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉంటే ఆ సంగతి దాచకుండా డాక్టరుగారికి చెప్పండి. ఇటువంటి పిల్లలకు పరుగు తేదీకి ముందే గుండె పరీక్ష జరగాలి. ఇ.సి.జి. తీయడానికి కొద్ది నిమిషాలు చాలు, నొప్పి ఉండదు. డాక్టరుగారు సరేననేవరకు ప్రాక్టీసు కూడా ఆపించండి.