‘చూస్తాం సార్‌’ అంటే...?

మాదాపూర్‌లో సైబర్‌ టవర్స్‌ మొదలైంది 1998లో. అప్పట్నుంచీ హైటెక్‌సిటీలో సాయంత్రమైతే చాలు, అమెరికా కాల్స్‌. అక్కడ ఆఫీసులు తెరిచేసరికి ఇక్కడ పొద్దుగూకుతుంది మరి! ఆ కాల్‌కి ముందు ప్రాజెక్టు మేనేజర్‌ అడిగేది ఒకటే... ‘శుక్రవారానికి అయిపోతుందా?’

‘చూస్తాం సార్‌... అయిపోతుంది’ అంటాడు కుర్రాడు.

మేనేజర్‌కి వినిపించేది రెండో ముక్కే. క్లయింటుకి మాటిచ్చేస్తాడు. అసలు సంగతంతా ఆ ‘చూస్తాం’లో ఉంది. కుర్రాడి శని, ఆదివారాలు ఆఫీసు పాలయ్యేది అందుకే.

దీనికి మందు పాతదే. మనస్తత్వవేత్తలు కార్ల్‌ రోజర్స్‌, రిచర్డ్‌ ఫార్సన్‌ 1957లోనే ‘యాక్టివ్‌ లిజనింగ్‌’ గురించి రాశారు. మాటనే కాదు, దాని వెనకున్న భావాన్నీ పట్టుకోవాలి. విన్నదాన్ని సొంత మాటల్లో తిరిగి చెప్పి సరిచూసుకోవాలి. ‘అంటే, టెస్టింగ్‌కి ఇంకో మనిషి కావాలంటున్నావ్‌, అంతేనా?’ అని అడిగి, ఆగాలి. ఆ ఆగడమే కష్టం! ఎదురుగా ఉన్న ల్యాప్‌టాప్‌ మూయడం ఇంకా కష్టం.

బేగంపేట హైదరాబాద్‌ పబ్లిక్‌ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్‌ సీఈవో అయ్యాక పైస్థాయి అధికారులను చదవమన్న పుస్తకం మార్షల్‌ రోజెన్‌బర్గ్‌ రాసిన ‘నాన్‌వయొలెంట్‌ కమ్యూనికేషన్‌’. అందులో వినడానికీ పెద్దపీటే.

తిరిగి చెప్పినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. గడువు మారకపోవచ్చు కూడా. కానీ కుదరదన్న సంగతి గురువారం రాత్రి కాకుండా సోమవారమే తెలుస్తుంది. క్లయింటుకీ ఆ రోజే చెప్పొచ్చు.