ఇల్లు పడగొట్టే ముందు ఒక్కసారి లెక్క వేయండి

పై వీడియోలో కనిపిస్తున్నది మా తాత కట్టిన పెంకుటిల్లు. రాయి, మట్టి గోడలు, తాటి దూలాలు. పోయినేడాది దీన్ని పడగొట్టి స్లాబు ఇల్లు వేద్దామని నాన్న పట్టుబట్టారు. "చెల్లికి సంబంధాలు చూస్తున్నాం. ఈ ఇల్లు చూస్తే వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్తార్రా" అన్నారు. ఆయన బాధ నిజమే. గానుగ నూనె అమ్మకాల్లో మిగిలిన డబ్బు కూడా చేతిలో ఉంది. నేనూ సరే అన్నాను.

మేస్త్రి కొలతలు తీసుకుని, వెయ్యి చదరపు అడుగులకి 400 బస్తాల సిమెంటు, 4 టన్నుల ఇనుము అని చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ చూశాక లెక్క వేయాలనిపించింది.

సిమెంటు కోసం సున్నపురాయిని కాలుస్తారు. బట్టీలో బొగ్గు పొగ ఒకటైతే, ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ విడిపోవడం ఇంకోటి. ఇంధనం మార్చినా ఈ రెండోది ఆగదు. మొత్తం మీద కిలో సిమెంటుకి సుమారు 0.6 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఖనిజం నుంచి తీసిన ఇనుముకైతే కిలోకి 2 కిలోల పైనే. అంటే సిమెంటుకి 12 టన్నులు, ఇనుముకి 8, వెరసి 20 టన్నులు.

ఇదెంతో తెలియాలంటే వంటగదిలోకి రండి. 14.2 కిలోల గ్యాస్ సిలిండరు మండితే వచ్చేది సుమారు 42 కిలోలు. మాకు ఏడాదికి 8 సిలిండర్లు పడతాయి. ఆ ఒక్క ఇల్లు మా 60 ఏళ్ల వంటతో సమానం! పొలంలో కర్బనం పెంచాలని ఇంత కష్టపడుతూ ఇంటి దగ్గర ఈ పని చేయడానికి మనసొప్పలేదు.

"ముందు బాగు చేయిద్దాం నాన్నా, నచ్చకపోతే అప్పుడే పడగొడదాం" అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు "నీ ఇష్టం" అన్నారు.

మట్టి పని తెలిసిన మేస్త్రి దొరకడానికే నెల పట్టింది. గోడల అడుగున ఉబ్బు ఎందుకొచ్చిందో ఆయన చెప్పాడు. ఎప్పుడో మేమే మట్టి గోడకి సిమెంటు పూత పూయించాం. లోపలి చెమ్మ బయటికి పోలేక గోడ మెత్తబడింది. ఆ పూత గీకేసి, మట్టిలో ఇసుక, వరిగడ్డి ముక్కలు కలిపి నానబెట్టి మెత్తించాం. పైన సున్నం వేశాం. పుచ్చిపోయిన ఆరు దూలాల బదులు పక్క వీధిలో పడగొట్టిన ఇంటి దూలాలు, పెంకులు కొన్నాం. బాత్రూము, వంటగది గట్టు మాత్రం సిమెంటుతోనే చేశాం, 22 బస్తాలు అయ్యాయి.

తర్వాత కరెంటు. మూడు పాత ఫ్యాన్లు ఒక్కోటి 75 వాట్లు. వాటి బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టాం. రోజుకి 18 గంటలు తిరిగితే నెలకి 70 యూనిట్లు పైనే మిగులుతాయి. మన దేశంలో ఎక్కువ కరెంటు బొగ్గుదే, యూనిట్‌కి సుమారు 0.7 కిలోలు. అంటే నెలకి 50 కిలోల దాకా తగ్గినట్టే.

కష్టాలూ చెప్పాలి. ఏటా వానలకు ముందు పెంకులు సర్దించుకోవాలి. కోతులతో గొడవ. చెదలు పట్టకుండా దూలాల మీద కన్నేసి ఉంచాలి.

మీ ఇంట్లో పునాది దిగబడినా, గోడలు నిలువునా చీలినా నా మాట వినకండి. తెలిసినవాళ్లకు చూపించండి, ప్రాణం ముఖ్యం. పైకప్పు, పూత మాత్రమే పాడైతే బాగు చేయించుకోండి. కొత్తది కట్టక తప్పకపోతే, అవసరమైనన్ని గదులే కట్టండి. పాత రాయి, కలప, తలుపులు మళ్లీ వాడండి.

చెల్లికి సంబంధం ఇంకా కుదరలేదు. నాన్న ఇప్పటికీ ఎదురింటి స్లాబు వైపు చూస్తుంటారు. కానీ మే నెల మధ్యాహ్నం ఎదురింటాయన కునుకు తీయడానికి వచ్చేది మా వసారాలోకే. ఆయనకి మంచం వాల్చేది నాన్నే.