బడికి రాసిచ్చిన భూమి: అమెరికా విద్యా ట్రస్టు భూముల పాఠాలు

విద్యకు నిధులు సమకూర్చే మార్గాలలో పన్ను, రుసుము, విరాళం మనకు సుపరిచితాలు. నాలుగవ మార్గం భూమి. ఒకసారి కేటాయించిన భూమిని చక్కగా నిర్వహిస్తే తరతరాలకు ఆదాయం లభిస్తుంది. నిర్లక్ష్యం చేస్తే ఒక్క తరంలోనే అది కరిగిపోతుంది. ఈ రెండింటికీ అమెరికా అనుభవంలో నిదర్శనాలున్నాయి.

కేటాయింపు జరిగిన తీరు

1785 నాటి భూ శాసనం ప్రకారం కొత్త ప్రాంతాలను 6 మైళ్ళ పొడవు, 6 మైళ్ళ వెడల్పు గల టౌన్‌షిప్‌లుగా కొలిచారు. ఒక్కొక్కదానిలో 640 ఎకరాల సెక్షన్లు 36 ఉంటాయి. వాటిలో 16వ సెక్షన్‌ను పాఠశాలల నిర్వహణకు ప్రత్యేకించారు. 1848లో ఆరెగాన్ ప్రాంతానికి 36వ సెక్షన్‌ను కూడా చేర్చారు. వర్షాభావ ప్రాంతాలలో ఎకరా విలువ తక్కువ కనుక యూటా, ఆరిజోనా, న్యూమెక్సికోలకు నాలుగేసి సెక్షన్లు లభించాయి. 1862 నాటి మోరిల్ చట్టం ఇదే సూత్రాన్ని వ్యవసాయ కళాశాలలకు వర్తింపజేసి, రాష్ట్రానికి గల ఒక్కొక్క కాంగ్రెస్ సభ్యునికి 30,000 ఎకరాల చొప్పున కేటాయించింది.

అయితే ఈ భూములు నిర్జన ప్రదేశాలు కావు. అనేక స్థానిక జాతుల ప్రజలను తొలగించి, ఒప్పందాల పేరిటనో బలవంతంగానో స్వాధీనం చేసుకున్నవి. ఈ సత్యాన్ని విస్మరించి ఆ వ్యవస్థను ప్రశంసించడం న్యాయం కాదు.

అమ్మినవారు, నిలుపుకున్నవారు

నెవాడా తనకు లభించవలసిన సెక్షన్లకు బదులుగా 1880లో కోరుకున్న చోట 20 లక్షల ఎకరాలు తీసుకొని, దాదాపు అంతా అమ్మివేసింది. నేడు ఆ రాష్ట్రానికి మిగిలింది సుమారు 3 వేల ఎకరాలే. ఆరిజోనా మాత్రం నేటికీ సుమారు 92 లక్షల ఎకరాలను నిర్వహిస్తున్నది. అక్కడ విస్తీర్ణంలో అధిక భాగం పశువుల మేతకు కౌలుకిచ్చినదైనా, ఆదాయంలో అధిక భాగం నగరాల అంచున ఉన్న భూముల అమ్మకాల నుండి వస్తుంది. ఆ సొమ్మును శాశ్వత నిధిలో జమచేసి, దాని రాబడిని పాఠశాలలకు వినియోగిస్తారు. రైతు భాషలో చెప్పాలంటే, అసలును ముట్టకుండా వడ్డీతో గడపడమే ఈ ఏర్పాటు.

నేల కూడా మూలధనమే

ధనరూపంలోని అసలును కాపాడటానికి చట్టం ఉన్నది. నేల రూపంలోని అసలును కాపాడవలసినది సేద్యశాస్త్రం. ఎకరాకు ఏటా 400 కిలోల ఎండు గ్రాసం లభించే పచ్చిక భూమిని ఉదాహరణగా తీసుకుందాం. అందులో సగం నేల రక్షణకు, మొక్కల పునరుత్పత్తికి వదలాలి. పావు వంతు తొక్కుడుకు, కీటకాలకు పోతుంది. పశువుకు దక్కేది మిగిలిన 100 కిలోలే. దూడతో ఉన్న ఆవు రోజుకు సుమారు 12 కిలోల ఎండు గ్రాసం తింటుంది కనుక నెలకు 3.6 ఎకరాలు అవసరమవుతాయి. కౌలు ఆదాయం పెంచాలని ఇంతకు మించి పశువులను అనుమతిస్తే, ఈ ఏటి రాబడిగా లెక్కలో చేరేది నిజానికి వచ్చే తరం పచ్చికే.

కౌలు గడువు సమస్య కూడా ఇటువంటిదే. గడువు తక్కువైతే కౌలుదారు గట్లు వేయడు, పచ్చిరొట్ట వేయడు. గడువు మరీ ఎక్కువైతే కౌలు ధర మార్కెట్టు కన్నా వెనుకబడుతుంది. కౌలు ఆరంభంలోను, ముగింపులోను సేంద్రియ కర్బనం, నేల లోతు, కోత పరిస్థితులను నమోదు చేసి, ఆ తేడాను ఒప్పందంలో చేర్చడమే దీనికి మార్గం.

ప్రభుత్వమైనా వెల చెల్లించవలసినదే

ఆరిజోనా రోడ్ల శాఖ ట్రస్టు భూముల మీదుగా రహదారులు వేసినపుడు, రహదారి వల్ల మిగిలిన భూమి విలువ పెరుగుతుంది కనుక పరిహారం అక్కరలేదన్న వాదన వచ్చింది. 1967లో లాసెన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు దానిని తిరస్కరించింది. తీసుకున్న భూమికి పూర్తి విలువను రాష్ట్రం ట్రస్టుకు చెల్లించాలని తీర్పు చెప్పింది. ప్రజోపయోగం ఎంత గొప్పదైనా, బడి భూమి ఉచితంగా లభించే భూమి కాదన్నది ఆ తీర్పు సారాంశం.

మనకు వర్తించేది

ఈ చరిత్ర మనకు దూరమైనది కాదు. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆ భూదాన కళాశాలల నమూనాపైనే రూపొందింది. దానికి సహకరించిన కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం 1863లో మోరిల్ చట్టం కింద ఆరంభమైనదే. బోధన, పరిశోధన, విస్తరణ అనే త్రివిధ బాధ్యతను మనం స్వీకరించాము. కాని భూమికి కల్పించిన ఆ చట్టరక్షణను స్వీకరించలేదు. రాజేంద్రనగర్‌లో విశ్వవిద్యాలయ భూమి నుండి 100 ఎకరాలను హైకోర్టు భవనాలకు కేటాయించినపుడు 2024లో విద్యార్థులు ఆందోళన చేశారు. న్యాయస్థానానికి భవనాలు అవసరమే. అయితే దశాబ్దాల ప్రయోగాల చరిత్ర గల క్షేత్రానికి ప్రత్యామ్నాయాన్ని కేవలం ఎకరాలలో కొలవలేము.

కనుక ప్రతి పరిశోధనా స్థానం తన భూముల సర్వే హద్దులను, నేల పరీక్ష ఫలితాలను, దీర్ఘకాలిక ప్రయోగాల వివరాలను, ఏటి ఆదాయాన్ని ఒకే పట్టికలో ప్రచురించాలి. లెక్క రాయని భూమిని ఖాళీ భూమిగానే ఇతరులు చూస్తారు. విస్తరణ శాస్త్రవేత్తలు రైతుకు నేల ఆరోగ్యం గురించి చెప్పే ముందు, తమ సంస్థ నేలకు తామే ధర్మకర్తలమన్న సంగతిని గుర్తుంచుకోవాలి.